నాంచారమ్మ బోణీ చెడగొట్టిన నా కథనం

మొన్న ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి జర్నలిజం కోర్సు పూర్తిచేసిన పిల్లలిద్దరు మా వరండాలో కూర్చుని ఉన్నారు. ఏదో పత్రికలో కొత్తగా చేరారట. "మానవీయ కథనాలు ఎలా రాయాలో చెప్పండి సార్" అన్నారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. మిగతా కథనాలన్నీ అమానవీయమైనవా? పైకి అనలేదులెండి. పాపం, భయపడతారని కాఫీ ఇప్పించి గంటసేపు ఏదేదో చెప్పి పంపించేశాను. వాళ్ళు గేటు దాటాక, చెప్పాల్సింది చెప్పనే లేదని గుర్తొచ్చింది. చెప్పకపోవడానికి కారణం మతిమరుపు కాదు, సిగ్గు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేనిది కాగితం మీద పెట్టగలనని ఇప్పుడు రాస్తున్నాను.

పని

మాది పామిడిముక్కల మండలంలో ఒక పల్లె. మా నాన్న అక్కడ క్రైస్తవ సంఘానికి ఉపదేశి. ఊళ్ళో చదువురానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఎవరైనా చెబుతూ చెబుతూ ఏడిస్తే కలం ఆపి, "ఇది కూడా రాయమంటావా?" అని అడిగేవాడు. వాళ్ళు ఊఁ అంటేనే రాసేవాడు. ఆ ప్రశ్న నేను నేర్చుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

తొంభైలలో, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు, బందరులోనూ గుడివాడలోనూ ఒక దినపత్రిక జిల్లా పేజీలకి పనిచేశాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అనవసరం, నాకూ గుర్తులేదు. రాసిన కాగితాలూ ఫొటోలూ కవర్లో పెట్టి బెజవాడ బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళం. అక్కడ బస్టాండులో మా డెస్కు మనిషి అందుకునేవాడు. బస్సు టైరు పంక్చరైతే గుడివాడలో ఆ రోజు ఏమీ జరగనట్టే.

ఆదివారాలు అరపేజీ నాది. పట్నంలో బతుకీడుస్తున్న ఒక్కో కుటుంబం గురించి ఒక నిజ కథ. రిక్షా తొక్కేవాళ్ళు, కాలవ గట్టు మీద గుడిసెల్లో ఉండేవాళ్ళు, పల్లెల్లో పని దొరక్క వచ్చి ఇక్కడ రోజు కూలీకి కుదిరినవాళ్ళు. మా డెస్కు ఇన్‌చార్జి మూర్తిగారికి ఈ అరపేజీ అంటే ప్రాణం. మంచివాడే. భాష తెలిసినవాడు. కానీ ఆయనకో తూకం ఉండేది. రాసినది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంటే అచ్చుకి వెళ్తుంది, తుడుచుకోకపోతే వెనక్కి వస్తుంది. "గొంతులో అడ్డం పడాలయ్యా. పడలేదంటే నువ్వింకా ఏదో కొట్టెయ్యాలన్నమాట" అనేవాడు. ఎక్కువ రాయమనలేదు, గమనించండి, కొట్టెయ్యమన్నాడు. ఆ విద్యలో నేను తొందరగానే ఆరితేరాను.

ఉత్తరాలు

కథ పడిన మూడో రోజు నుంచి ఉత్తరాలు వచ్చేవి. కార్డులు, ఇన్‌లాండు కవర్లు, అప్పుడప్పుడు పాత బట్టల మూట. కొందరు ఉతికి, మడతపెట్టి పంపేవాళ్ళు. కొందరు విప్పినవి విప్పినట్టే పంపేవాళ్ళు. "చదువుతూ అన్నం ముందు నుంచి లేచిపోయాను" అని రాసినవాళ్ళున్నారు. "వాళ్ళెవరండీ?" అని కులం అడిగి, జవాబు వచ్చాక మరి పలకనివాళ్ళూ ఉన్నారు. బందరు రిక్షా కార్మికుడి పిల్లాడికి పుస్తకాలు కొనిపెట్టిన ఒక పంతులుగారు తన పేరు వెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అలాంటివాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కానీ చాలా ఏళ్ళు నాకు తట్టని సంగతి ఒకటుంది. ఉత్తరం రాసేది దూరంగా ఉన్నవాళ్ళు. దగ్గరున్నవాళ్ళు ఉత్తరం రాయరు, ఆ కుటుంబాన్ని చూసే చూపు మార్చుకుంటారు. మనకి కనబడేవి ఉత్తరాలు, వాళ్ళు రోజూ బతకాల్సింది ఆ చూపుల మధ్య. ఇది నాకు నేర్పింది నాంచారమ్మ.

తట్ట ఎత్తిన చెయ్యి

నాంచారమ్మది కోడూరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మొగుడు బసవయ్య మరబోటు మీద వేటకెళ్ళేవాడు. తాడు చుట్టుకుని కుడిచెయ్యి నలిగిపోయాక వేట మానేశాడు. ఊళ్ళో రొయ్యల చెరువుల దగ్గర కొన్నాళ్ళు కూలికెళ్ళి, అది పడక కూతురు దుర్గని తీసుకుని గుడివాడ వచ్చి కాలవ గట్టు మీద గుడిసె వేసుకున్నారు. నేను కలిసేనాటికి ఆ పిల్ల ఎనిమిదో తరగతి. బసవయ్య ఎడంచేత్తో వలలు బాగుచెయ్యడం నేర్చుకుంటున్నాడు.

నాంచారమ్మ పొద్దున్నే మొదటి రైలుకి బందరు వెళ్ళి, గిలకలదిండి రేవులో వేలం పాటలో చేపలు పాడుకుని, ఐసు వేసుకుని, తిరుగు రైల్లో గుడివాడ వచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఒక రోజంతా ఆమె వెంట తిరిగాను. ఆ రోజు చూసిన వాటిలో నాకు బాగా నచ్చింది మొదటి ఇంటి దగ్గర జరిగింది.

ఆ ఇల్లు పార్వతమ్మగారిది. ఆవిడ భర్త రైసు మిల్లులో గుమస్తా చేసి మానుకున్నాడు. నాంచారమ్మకి గుడివాడ వచ్చిన దగ్గర్నుంచీ బోణీ ఆవిడ చేత్తోనే. అరుగు మీద తట్ట దించగానే పార్వతమ్మగారు చేప మొప్ప ఎత్తి చూసి, మూతి విరిచి, చెప్పిన ధరలో సగం అడిగింది.

"సగానికా? పెద్దమ్మగారూ, ఆ ధరకి సేప ఇవ్వను, సేప బొమ్మ గీసిత్తాను, పట్టుకెళ్ళి పులుసెట్టుకోండి!"

"నీ చేప కంటే ఆ బొమ్మే తాజాగా ఉంటుందే. వెళ్ళు, వెళ్ళు."

"ఎళ్తన్నా. ఇంక ఈ గడప తొక్కితే అడగండి. తట్టకో సెయ్యెయ్యండి."

ఆ తట్ట ఒక్కరు నెత్తికెత్తుకునే బరువు కాదు. అందుకని ఇంతసేపూ తిట్టిన పార్వతమ్మగారే లేచి, కొంగు దోపుకుని, తిడుతూనే తట్టకి చెయ్యి వేసింది. సగం ఎత్తాక ఇద్దరూ ఆగారు. "పోనీ ఇంకో రూపాయి వేస్తాను, దించవే" అంది ఆవిడ. తట్ట దిగింది. బోణీ డబ్బు కళ్ళకద్దుకుని బొడ్లో దోపుకుంది నాంచారమ్మ. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

అది అలాగే ఒక పేరా రాశాను. దాని పక్కనే గుడిసె, నలిగిన చెయ్యి, చిరిగిన పుస్తకాల సంచీ, ఒక్కపూట అన్నం రాశాను. మూర్తిగారు ఫోన్ చేశాడు. "ఆ బేరం పేరా తీసెయ్యవయ్యా. అది చదివాక ఎవరికీ జాలి రాదు. నోరున్న మనిషిని చూసి ఎవరేడుస్తారు?" అన్నాడు. ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సరేనన్నాను. అబద్ధం చెప్పను, ఆయన చెప్పకపోయినా నేనే తీసేసేవాణ్ణేమో. కథ చిక్కబడుతుందని నాకూ అనిపించింది.

సాయం

కథ పడింది. ఆమె తట్ట మోస్తున్న ఫొటో పెద్దగా వేశారు. మూర్తిగారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాడట. ఉత్తరాలు సంచీడు వచ్చాయి, చీరల మూటలు వచ్చాయి. నేను కాలర్ ఎగరేసుకుని తిరుగుతున్నాను.

పదో రోజో పన్నెండో రోజో, మధ్యాహ్నం రెండు గంటలకి గుడివాడలో మా ఆఫీసు గుమ్మంలోకి నాంచారమ్మ వచ్చింది. తట్ట దించి, మీద గోనె తీసింది. నిండుగా ఉంది. ఐసు కరిగి నీళ్ళు మెట్ల మీదికి కారుతున్నాయి.

"రామ్మా, రా! అందరూ సాయం చేస్తున్నారటగా?" అన్నాను, పళ్ళికిలిస్తూ.

"సేత్తన్నారు బాబుగారూ. అందరూ సాయం సేత్తన్నారు. సేపలే కొంటం లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె కూర్చుని చెప్పింది. కథ పడిన మర్నాడు పార్వతమ్మగారి అరుగు మీద తట్ట దించిందట. ఆవిడ మొప్ప ఎత్తలేదు. మూతి విరవలేదు. లోపలికి వెళ్ళి పది రూపాయల నోటు, గిన్నెలో రాత్రి మిగిలిన అన్నం తెచ్చి, "తినిపోవే తల్లీ, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదే" అని కళ్ళు తుడుచుకుందట. చేప కొనలేదు. తట్టకి తను చెయ్యి కూడా వెయ్యకుండా, ఎత్తడానికి వాళ్ళ పనిమనిషిని పిలిచిందట.

"పెద్దావిడ ఇచ్చింది, కాదంటే ఏం బాగుంటదని తీసుకున్నా. బోణీ కాకుండా సెయ్యి సాపాను బాబూ. ఇంక ఆ రోజు నుంచీ ఏ ఇంటికెళ్ళినా అంతే. ఒకావిడ పాత సీర ఇచ్చింది. ఒకావిడ పచ్చడి ఇచ్చింది. మామిడి తోట ఈదిలో ఆవిడైతే నన్ను సూడగానే పిల్లల్ని పిలిసి, ఈమే పేపర్లో ఆమె అని సూపెట్టింది. ఎంతకిత్తావే అని ఒక్కరడగలా."

"వద్దని చెప్పలేకపోయావా?"

"సెప్పా. నాకు పొగరొచ్చిందన్నారు."

ఇంటి దగ్గర సంగతీ చెప్పింది. పేపరు దుర్గే చదివి వినిపించిందట. "ఆ ఇంట్లో అన్నం ఒక్కపూటే" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, మిగతాది చదవనందట. బసవయ్య ఎడంచేత్తో వల పక్కకి పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడట.

"నేను రాసింది అబద్ధమా నాంచారమ్మా?" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో! ఇప్పుడు తలుచుకున్నా నాలుక కరుచుకుంటాను.

"నిజమే. కాదని నేనన్లేదు. నేను అడుక్కునేదాన్ని కాదన్నది కూడా నిజమే కదా. అదెక్కడ రాశారు?" అంది. తర్వాత మెల్లిగా, "ఇంకో వారం ఇట్టాగే అయితే రేవులో పాట పాడటానికి నా దగ్గర ఏం మిగలదు. మళ్ళీ కోడూరెళ్ళి రొయ్యల సెరువు కాడ కూలి సేసుకోవాలి. పిల్ల సదువు ఆడితో సరి" అంది. అప్పటిదాకా ఏడవని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తట్టెడు చేపలూ నేనే కొంటానన్నాను. ఆమె నా వంక చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

మర్నాడు పార్వతమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "మీరు రాసింది చదివి రెండు రోజులు నాకు ముద్ద దిగలేదండీ" అంది. మరి చేపలు ఎవరి దగ్గర కొంటున్నారని అడిగాను.

ఆవిడ కాస్త ఇబ్బంది పడింది. "వెనకాల ఇంకో ఆవిడ వస్తుందిగా, ఆవిడ దగ్గర. నాంచారి దగ్గర బేరమాడితే పాపం, ఆడకపోతే నష్టం. ఆ గొడవెందుకని దీనికి చేతనైంది ఇచ్చి పంపేసి, దాని దగ్గర కొంటున్నానండీ."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ వీధిలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళందరికీ ఆమె మీద జాలి పుట్టించింది నేను, పుట్టించాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాళ్ళు ఆమె చేతిలో పెట్టి పంపేస్తున్నారు.

రెండో కథ

నాంచారమ్మ ఆఫీసుకి వచ్చిన రోజు వెళ్తూ వెళ్తూ ఒకటి చెప్పింది. "నా బతుకు రాశారు గదా, నా నోరు కూడా రాయండి." ఆమె కోరింది అంతే. కొట్టేసిన పేరా నా దగ్గర ఉంది. దాని చుట్టూ ఆమె రేవులో పాటలో మగాళ్ళతో ఎలా తలపడుతుందో, తాజా చేపని ఎలా గుర్తుపట్టాలో, ఆమె దగ్గర బేరమాడి గెలిచినవాళ్ళు గుడివాడలో ఎవరూ లేరని రాశాను. మొదటి కథలో ఆ సంగతి నేను కావాలనే వదిలేశానని, అది తప్పని ఒక వాక్యం చివర పెట్టాను.

మూర్తిగారు వెయ్యనన్నాడు. "ఏడిపించాక నవ్విస్తే పాఠకుడు మోసపోయాననుకుంటాడయ్యా" అన్నాడు. బెజవాడ వెళ్ళి ఆయన బల్ల ముందు కూర్చున్నాను. ఎన్నడూ లేనిది గొంతు పెంచాను. "ఆమె చేపలు కుళ్ళిపోతున్నాయండీ! మన కళ్ళజోళ్ళు తర్వాత తుడుచుకుందాం" అన్నాను. డెస్కులో అందరూ తలెత్తి చూశారు. ఆయన నా కాగితాలు మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. చివరికి లోపలి పేజీలో, ఫొటో లేకుండా వేశాడు. క్షమాపణ వాక్యం మాత్రం ఉంచలేదు.

మూర్తిగారు చెప్పింది నిజమే అయింది. ఈసారి ఉత్తరాలు నాలుగే వచ్చాయి, నాలుగూ తిట్లే. "ఇంత గయ్యాళి అని ముందే రాసి ఉంటే మేము చీరలు పంపేవాళ్ళం కాదు" అని ఒకావిడ ఆవేదన. చీరలు వెనక్కి పంపమని కూడా రాసింది. ఆ కార్డు నాంచారమ్మకి చదివి వినిపించాను. ఆమె గుడిసెలోంచి మడత విప్పని మూట తెచ్చి నా చేతిలో పెట్టి, "పంపెయ్యండి బాబూ, కట్టలేదు" అంది. పోస్టులో పంపించేశాను.

మనం బీదవాళ్ళని చూసి కరిగిపోతాం, నిజమే, కానీ వాళ్ళు తలొంచుకుని ఉన్నంతసేపే. తలెత్తి ధర చెప్పారంటే మనకి ఎక్కడలేని కోపం వస్తుంది. పాఠకుల్ని ఆడిపోసుకోవడం లేదు. నేనూ అదే రకం కాబట్టే ఆ పేరా కొట్టేశాను.

బోణీ

రెండో కథ పడిన మర్నాడు నాంచారమ్మ వచ్చే వీధి మొదట్లో, సోడా బండి పక్కన నిలబడ్డాను. ఆమె వచ్చింది. పార్వతమ్మగారి ఇంటి ముందు ఒక్క క్షణం తటపటాయించింది. దాటి వెళ్ళిపోతుందనుకున్నాను.

అరుగు మీద నుంచి కేక వినబడింది. "ఏమే నాంచారీ! బేరంలో నిన్ను గెలిచినవాళ్ళు లేరని పేపర్లో వేయించుకున్నావటే? మా కోడలు చదివింది. దించు తట్ట. ఇవాళ నీ సంగతో నా సంగతో తేలిపోవాలి."

తట్ట దిగింది. పార్వతమ్మగారు మొప్ప ఎత్తింది. మూతి విరిచింది. "ఇవేం మాగ చేపలే, మా తాతల కాలంవి తెచ్చావా?" అంది.

నాంచారమ్మ కొంగు బిగించి దోపుకుంది. తర్వాత ఒక్కసారిగా వీధంతా వినబడేలా ఎత్తుకుంది. "మీ తాతగారు తిన్న సేపే పెద్దమ్మగారూ! అందుకే తొంభయ్యేళ్ళు బతికాడు!"

పక్కింటి ఆవిడ బయటికొచ్చింది. ఎదురింటి ఆవిడ వచ్చింది. తిట్లు, ఒట్లు, తట్ట ఎత్తడాలు, దించడాలు. బోణీ అయ్యేసరికి పావుగంట పట్టింది. నాంచారమ్మ ఆ డబ్బు కళ్ళకద్దుకుని కాసేపు కళ్ళ దగ్గరే ఉంచుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. పార్వతమ్మగారికీ తెలుసు. ఆవిడ తట్ట సర్దుతున్నట్టు తల పక్కకి తిప్పుకుంది.

నేను దగ్గరికి వెళ్ళాను. రెండు చందువా చేపలు చూపించి ఎంతని అడిగాను. ఆమె చెప్పింది. చెప్పినంతా తీసి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"మీరు కూడానా బాబుగారూ? తగ్గించి అడగండి" అంది.

నాకు బేరమాడటం చేతకాదు. మా ఇంట్లో ఆ శాఖ మా ఆవిడది. వీధిలో అందరూ చూస్తుండగా గొంతు సవరించుకుని సగం అడిగాను.

"సగమా? రాయడానికి సిరా కొనుక్కుంటారు గదా, ఆడ కూడా సగమే ఇత్తారా? సదువుకున్నోళ్ళకి సిగ్గుండాల!" అని అరిచింది నాంచారమ్మ. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. చెవుల దాకా ఎర్రబడి, కొంత పెంచాను. ఆమె కొంత దిగింది. చివరికి ఏదో గెలిచినట్టే అనిపించి చేపలు పట్టుకున్నాను. ఆమె తట్టకి ఒక పక్క పార్వతమ్మగారూ ఇంకో పక్క నేనూ చెయ్యి వేసి నెత్తికెత్తాం. నా చొక్కా భుజమంతా చేపల నీళ్ళు.

ఇంటికెళ్ళి చేపలు మా ఆవిడ చేతికిచ్చి, ఎంతకి తెచ్చానో గర్వంగా చెప్పాను. ఆవిడ మొప్ప ఎత్తి చూసి, నా మొహం వంక చూసి, "చేపలు బాగానే ఉన్నాయి కానీ, నిలువునా ముంచేసిందండీ మిమ్మల్ని! ఎవరా మనిషి?" అంది. కథనానికి సంచీడు ఉత్తరాలు వచ్చిన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు. జవాబు చెప్పబోతే గొంతులో ఏదో అడ్డం పడి, తడిసిన చొక్కాతోనే వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయాను.